త్రివేణీ సంగమము

1991వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన, నార్వే దేశమున స్టవాంగర్ పట్టణమునకు సమీపమునగల సముద్రపు పాయలో నొక మహానిర్మాణము మునిగిపోయెను. ఉత్తర సముద్రగర్భమునుండి యింధనవాయువును తోడుటకై కట్టుచుండిన ‘స్లైప్నర్ ఏ’ వేదికకు అది యడుగుభాగము. నీటి యొత్తిడికి కాంక్రీటు గోడ యొకటి పగిలెను. కొలది నిమిషములలో నిర్మాణమంతయు సముద్రపు టడుగును తాకి తునుకలయ్యెను. నష్టము సుమారు 70 కోట్ల డాలర్లని యంచనా వేసిరి. ఒక్క ప్రాణమైనను పోకుండుట మాత్రమే యూరట.

ఇందులకు తుఫాను కారణము కాదు, సిమెంటు కల్తీయు కారణము కాదు. లెక్క తప్పినది. నేడు పెద్ద కట్టడమును నేలపై గట్టుటకు మునుపు కంప్యూటరులో సంఖ్యలతో గట్టి పరీక్షింతురు. గోడను వలవలె చిన్న ఖండములుగా విభజించి, యొక్కొక్క ఖండముపై బడు బలమును గణింతురు. స్లైప్నరు విషయమున ముఖ్యస్థానమునందు ఆ వల తగినంత సన్నముగా లేదు. గోడను కోయు బలము ఉన్నదానికంటె నూటికి 47 వంతులు తక్కువగా తేలెను. ఆ లెక్కను నమ్మి గోడను పలుచగా గట్టిరి. ఇనుపకడ్డీల యమరికయు చాలకపోయెను. పిదప జాగ్రత్తగా గణింపగా గోడ 62 మీటర్ల లోతున పగులునని తేలెను. నిజముగా పగిలినది 65 మీటర్ల లోతున! సరియైన గణనము మానవసాధ్యమే యనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మన పెద్దలు చెప్పిన అంధగజన్యాయ మిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇంజనీరునకు బరువును, ఇనుమును తెలియును. గణితజ్ఞునకు లెక్కలో దోష మెచ్చట దాగునో తెలియును. కంప్యూటరు శాస్త్రజ్ఞునకు యంత్రపు శక్తియు, దాని పరిమితియు తెలియును. ముగ్గురును ఏనుగును తాకుచున్నారు. ఏనుగును చూచువాడు కావలెను. ఈ వల లెక్కకు మూలమైన భావమును కూరాంట్ అను గణితజ్ఞుడు 1943లోనే ప్రకటించెను. ఇంజనీర్లు తమ త్రోవను తాము వెదకికొనుచు వచ్చి, 1960లో క్లఫ్ అను ఇంజనీరు ఆ పద్ధతికి ‘ఫైనైట్ ఎలిమెంటు’ అని నామకరణము చేసెను. ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ గోడ యెంత యెత్తుగా నుండినదో పాఠకులు గ్రహింతురుగాక.

ఆ గోడను పడగొట్టుటకే గణన ఇంజనీరింగునందు డాక్టరేటు శిక్షణము పుట్టినది. 1991లోనే అమెరికా ఇంధనశాఖ యొక పరిశోధక వేతనమును నెలకొల్పెను. దానిని పొందిన విద్యార్థి తన శాస్త్రముతోబాటు గణితమును, కంప్యూటరు శాస్త్రమును అభ్యసింపవలయును. పండ్రెండు వారములు జాతీయ ప్రయోగశాలలో పనిచేయవలయును. టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరమందలి ఓడెన్ సంస్థలోను గణితము, గణనపద్ధతులు, ప్రకృతివ్యాపారముల నమూనాలు అను మూడు పాయలను ఒకే విద్యార్థి చదువవలయును.

ఇట్టి చదువు రెంటికి చెడిన రేవడి చందమగునని కొందరు శంకింతురు. శంక నిర్హేతుకము కాదు. మూడింటిని పైపైన తాకినవాడు ఎందులకును కొరగాడు. కావుననే ఒకదానియందు లోతును, తక్కిన రెంటియందు తప్పును పసిగట్టగల నేర్పును కోరవలయునని మా యభిప్రాయము.

ఇది పరదేశపు ముచ్చటయని మన యాంధ్రులు ఉపేక్షింపరాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలకొలది జనులు హతులైరి. నేడు హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ, తుఫాను వచ్చినపుడు సముద్రపునీరు ఏ తీరమున నెంత యెత్తు లేచునో ముందుగా గణించి హెచ్చరించుచున్నది. అందులకు వాడుచున్న ‘ఆడ్‌సర్క్’ అను గణనక్రమము అమెరికాలో పుట్టినది. దానిని పెంపొందించినవారిలో ఆ ఆస్టిన్ సంస్థవారును గలరు. గాలిని, నీటిని, గణితమును, యంత్రమును ఒక్కచో నెరిగినవారి శ్రమ మన లంకగ్రామముల రైతు ప్రాణమునకు కాపుగా నిలుచుచున్నది.

మన దేశమును ఊరకుండలేదు. 2015లో 4500 కోట్ల రూపాయల యంచనాతో జాతీయ సూపరు కంప్యూటరు పథకము ప్రారంభమయ్యెను. అందులో భాగమైన ‘పరమ్ సేవ’ హైదరాబాదు ఐఐటీలో వెలసినది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో బహుశాస్త్ర పరిశోధనకు ద్వారములు తెరచియున్నవి. సంతోషమే. కాని యంత్రము ధనమునకు లభించును. దాని మాటను శంకింపగల మనుష్యుని మాత్రము విద్యాపీఠములే తయారుచేయవలయును.

అందులకు మేము కోరునది స్వల్పము. మన విశ్వవిద్యాలయములలో ఒక్కొక్క పరిశోధకునకు రెండు శాఖలనుండి ఇరువురు గురువులు ఉండనిండు. ఆనకట్టలయొద్దనో, వాతావరణ కార్యాలయములోనో అతడు కొంతకాలము పనిచేయనిండు. పట్టము పొందినపిదప “నీవు మా శాఖవాడవు కావు” అని ప్రతి తలుపును మూయకుండుడు. శాఖల నడుమ గోడలను మనము బలముగా గట్టితిమి. సముద్రమున కెదురుగా గట్టవలసిన గోడలు పలుచబడకుండుగాక!