పాఠకులు పలకని కథలు

ఇష్టమైన సినిమాలోని పాత్రలనో, పురాణంలోని మనుషులనో తీసుకుని అభిమానులు సొంతంగా అల్లే కథను ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. దీనికి పారితోషికం ఉండదు. పుస్తకంగా వేసి అమ్ముకుందామంటే మూలకథ హక్కులు అడ్డొస్తాయి (పురాణాలకు ఆ బెడద లేదనుకోండి). రాసినవారికి ముట్టేదల్లా చదివినవారి మాట. అదీ రాకపోతే కథ చాలాసార్లు సగంలోనే ఆగిపోతుంది.

నిరుత్సాహం ఎక్కువగా అంకెల దగ్గర మొదలవుతుంది. 2009లో తలుపులు తెరిచిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ ఈ రకం కథలకు బాగా పేరున్న భాండాగారం. 2019లో హ్యూగో అవార్డు కూడా అందుకుంది. అక్కడ ప్రతి కథకూ ఎన్నిసార్లు తెరిచారు, ఎందరు ‘కుడోస్’ అనే మెచ్చుకోలు గుర్తు పెట్టారు, ఎన్ని వ్యాఖ్యలు వచ్చాయి అన్న లెక్కలు కనిపిస్తాయి. ఒక పాఠకుడు ఒక కథకు ఒక్క కుడోసే ఇవ్వగలడు. కథకు ఇరవై భాగాలున్నా అంతే. తెరిచిన లెక్క మాత్రం పాఠకుడు కొత్త భాగం కోసం వచ్చినప్పుడల్లా పెరుగుతుంది. పదిమంది పాఠకులు వారానికో భాగం చొప్పున ఇరవై భాగాలూ వదలకుండా చదివారనుకుందాం. తెరిచిన లెక్క 200 దాకా పోతుంది. అందరూ మెచ్చుకున్నా కుడోసులు పదే. ‘రెండొందల మంది చదివితే పదిమందికే నచ్చిందా’ అని రచయిత కుంగిపోతాడు. అసలు చదివిందే పదిమంది, నచ్చింది ఆ పదిమందికీ. ఇంత నమ్మకమైన పాఠకులు వారపత్రిక సీరియళ్లకైనా ఉండేవారా అన్నది అనుమానమే! పాఠకులు వదలకుండా వెంట వచ్చేకొద్దీ తెరిచిన లెక్కతో పోలిస్తే కుడోసుల నిష్పత్తి ఇంకా దిగజారుతుంది. నచ్చక మొదటి పేరాలోనే మూసేసినవారూ, మళ్లీ మళ్లీ చదువుకున్నవారూ తెరిచిన లెక్కలో కలిసిపోతారు. అలాంటి అంకెను నమ్ముకుని కలం మూసెయ్యడం తొందరపాటు.

అంకెల సంగతి అలా ఉంచితే, పాఠకుల మౌనానికి వేరే కారణాలూ ఉన్నాయి. తెలుగు చదవడం వచ్చినా ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం అలవాటు లేనివారుంటారు. ‘మనం రాస్తే తప్పులు పోతాయేమో’ అని జంకేవారుంటారు. కథ పూర్తయ్యాకే మొదలుపెడదామని ఆగేవారూ ఉంటారు. వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది కథకు ఎంచుకున్న పాత్ర, చోటు. కొత్త సినిమా హీరో మీద రాస్తే వెతుక్కుంటూ వచ్చేవారుంటారు. పాత సినిమాలో రెండు సీన్లలో కనిపించిన పాత్ర మీద రాస్తే ఆ సంఖ్య మొదట్లోనే చిన్నది. ఆ పాత్రను ఆదోని పత్తి మార్కెట్‌కో, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరికో తెచ్చి, కన్నడమూ ఉర్దూ కలిసిన పడమటి కర్నూలు యాసలో మాట్లాడిస్తే ఇంకా చిన్నది. అలాంటి కథను ముందుగా ఆ ఊరి మనిషి ఒకరికి చదివి వినిపించడం మేలు. ‘ఆదోనిలో ఎవరూ అట్ల మాట్లాడరప్పా’ అని చెప్పగలిగేది ఆ మనిషే. ముక్కూమొహం తెలియని వందమంది పెట్టే నక్షత్రాలకు ఆ పని చేతకాదు.

కథంతా రాసి పెట్టుకున్నాక భాగాలుగా విడుదల చేస్తే రాత మధ్యలో ఆగే ప్రమాదం తప్పుతుంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్’ అనే జవాబుకు మించి రాదు. ‘తల్లి అబద్ధం చెప్పిందని ఎక్కడ అనుమానం వచ్చింది?’ అని అడిగితే చెప్పడానికి పాఠకుడికి ఏదో ఒకటి దొరుకుతుంది. భాగాలవారీగా లెక్క తెలిసే చోట, పాఠకులు ఎక్కువగా జారిపోయిన భాగాన్ని తిరిగి చదువుకోవాలి. లోపం రాతలోనే ఉండొచ్చు. ‘నా కథకు నువ్వు, నీ కథకు నేను’ అనే ఒప్పందాలు మాత్రం పెళ్లి చదివింపుల పద్దు లాంటివి. లెక్క సరిపోతుంది, కథ సంగతి తెలియదు.

ఇక చరిత్ర. ఒకరి పాత్రలతో మరొకరు కథ అల్లడం తెలుగువారికి కొత్త కాదు. ‘మాయాబజార్’ శశిరేఖ వ్యాసభారతంలో లేదు, చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ కథా లేదు. గురజాడ గిరీశం చేత ముళ్లపూడి వెంకటరమణ సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు. 1953 దాకా ఆదోని ఉన్న బళ్ళారి జిల్లాలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు నలుడి కథను ‘చిత్రనళీయం’ నాటకంగా మలిచారు. పద్యనాటకంలో రాగం కుదిరితే ‘వన్స్‌మోర్’ అక్కడికక్కడే వినపడేది. రాయలసీమ తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యకు బంగారక్క, జుట్టుపోలిగాడు దూరితే, తెర వెనకున్న ఆటగాడికి జనం నవ్వు చెవిన పడేది. ఫోన్ తెర వెనకున్న రచయితకు ఆ చప్పుడే కరువైంది.

బాక్స్: ‘ఆర్‌ఆర్‌ఆర్’ కూడా ఆ కోవలోదే

1924లో మరణించిన అల్లూరి సీతారామరాజు, 1940లో మరణించిన కొమురం భీం కలుసుకున్నట్టు చరిత్రలో ఆధారం లేదు. వారిని స్నేహితులను చేసి రాజమౌళి 2022లో సినిమా తీశారు. దాని మీద విదేశీ అభిమానులు మళ్లీ కథలు రాశారు, ఎక్కువగా ఇంగ్లిష్‌లో. అదే కథ తెలుగులో రాసేవారికి పాఠకులు తక్కువ దొరికితే, దాన్ని రాతకు పడిన మార్కుగా లెక్కించనక్కర్లేదు.