బండి నిలబడింది, మరి మనిషి?

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి కొసన, కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే మండలం అమరాపురం. వక్క తోటలు, కొబ్బరి తోటలు ఉన్న ప్రాంతం. తోటకు పోవాలన్నా, మడకశిరలో డాక్టరుకు చూపించుకోవాలన్నా, సరిహద్దు దాటి శిరాకు పోవాలన్నా ఇక్కడ ముందు గుర్తొచ్చేది బస్సు కాదు, బండి. అరవై దాటిన రైతు కూడా టీవీఎస్ ఎక్సెల్‌ను అంత సులభంగా వదలడు. వదిలితే రోజూ తోటకు ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. మోకాళ్లు మొరాయించిన రోజున ఇంట్లోవాళ్లు చెప్పే ఉపాయం ఒకటే: “స్కూటర్‌కు పక్క చక్రాలు పెట్టిద్దాం నాయనా, ఇక పడదు.”

బండి పడదన్నది నిజమే. పెద్ద వయసులో మనిషి పడేది మాత్రం చాలాసార్లు బండి ఆగాకే. నడుపుతున్నంతసేపూ అతను కూర్చునే ఉంటాడు, చేతులకు హ్యాండిలు ఆసరా. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం కొన్ని క్షణాలు ఒంటికాలి మీద, ఒళ్లు మెలితిప్పుతూ నిలబడాల్సి వస్తుంది. పక్క చక్రాలు ఆ క్షణాల్లో ఏం చేస్తాయి, ఏం చేయవు అన్నదే ఇక్కడ అసలు లెక్క.

ముందు రెండు చక్రాల బండినే చూద్దాం. సైడ్ స్టాండ్ ఎడమవైపే ఉంటుంది, మనం రోడ్డుకు ఎడమవైపే ఆగుతాం, కాబట్టి ఎక్కేదీ దిగేదీ ఎడమ నుంచే. వెనక కూర్చునేవాళ్లు ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలుపెట్టి లేచారనుకోండి. 60 కిలోల మనిషి, బండి మధ్యగీతకు 30 సెంటీమీటర్ల దూరంలో బరువు మోపితే, బండిని ఎడమకు పడదోసే తిప్పుబలం దాదాపు 175 న్యూటన్ మీటర్లు. దాన్ని ఆపాల్సింది ముందు కూర్చున్నవాడి కాళ్లే. నడిపే మనిషికి డెబ్బై ఏళ్లు, వెనక ఎక్కే మనిషికి అరవై అయిదు అయితే ఇద్దరూ కలిసి ఒరిగిపోవడంలో వింతేమీ లేదు.

పక్క చక్రాలు ఈ తిప్పుబలాన్ని నేలకు అప్పగిస్తాయి. నడిపేవాడి కాళ్లు నేల వెతుక్కోనక్కర్లేదు. పెద్ద మేలే. అయితే దానితోపాటు మనం గమనించకుండానే ఒకటి పోగొట్టుకుంటాం, అదే స్టాండు. రెండు చక్రాల బండిని దిగగానే స్టాండు వేస్తాం. సెంటర్ స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లోకి లేచి బండి ఎటూ దొర్లదు, సైడ్ స్టాండు కాలూ నేలకు అడ్డంపడుతుంది. పక్క చక్రాల బండి దానంతటదే నిలబడుతుంది కాబట్టి స్టాండు అవసరం తీరిపోయిందనుకుంటాం. ఒరగకుండా నిలబడటం వేరు, దొర్లకుండా నిలబడటం వేరు. గేర్లున్న బండినైతే గేరులో వదిలేయొచ్చు. గేర్లులేని స్కూటర్లో క్లచ్ ఇంజిన్ వేగం పెరిగితేనే పట్టుకుంటుంది. ఇంజిన్ ఆపేశాక చక్రానికీ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది, కాస్త వాలు దొరికితే చాలు బండి కదులుతుంది. ఒక కాలు ఫ్లోర్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద ఉన్న క్షణంలో బండి అరడుగు ముందుకు జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని స్కూటర్లకు ఎడమ బ్రేకు లీవరును బిగించి ఉంచే చిన్న లాకు ఉంటుంది. లేనివాళ్లు పార్కింగ్ బ్రేకు పెట్టించుకోవాలి. నన్నడిగితే పక్క చక్రాలు బిగించే చోట రంగు గురించి, సీటు కవరు గురించి మాట్లాడేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో సంగతి త్రిభుజానిది. ముందొక చక్రం, వెనక రెండు పక్కలా రెండు: నేలమీద ఈ మూడు బిందువులను కలిపితే వచ్చే త్రిభుజం లోపల బరువుకేంద్రం ఉన్నంతవరకు బండి ఒరగదు. త్రిభుజం వెనక వెడల్పు, ముందుకు వచ్చేకొద్దీ ఇరుకు. సీటు వెడల్పు భాగం మీద ఉంటుంది, కాలు మోపే ఫ్లోర్‌బోర్డు ఇరుకు భాగం మీద ఉంటుంది. అందుకే ఫ్లోర్‌బోర్డు ఎడమ అంచు మీద కాలు వేసి ఒంటి బరువంతా మోపితే మూడు చక్రాల బండి కూడా ఒకసారి ఆ పక్కకు కుంగుతుంది. మామూలుగా బోల్తా పడదు, బండి సొంత బరువు దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ కాస్త కుంగుబాటుకే ముసలిచేయి హ్యాండిలును గట్టిగా లాగుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండి ఆ పట్టుకున్నది కుడివైపు యాక్సిలరేటరే అయితే బండి దూకుతుంది. ఎక్కి కుదురుగా కూర్చునేదాకా తాళంచెవి తిప్పకూడదు. దిగేటప్పుడు ముందు తాళంచెవి, తర్వాతే కాళ్లు.

ఇదే త్రిభుజం మలుపుల్లోనూ పనిచేస్తుంది. మన విషయం ఎక్కి దిగడమే గానీ, ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేను. మామూలు బండి మలుపులో లోపలికి వాలుతుంది, పక్క చక్రాల బండి వాలలేదు. వెనక చక్రాల మధ్య 90 సెంటీమీటర్ల ఎడం, మనిషితో కలిపి బరువుకేంద్రం 65 సెంటీమీటర్ల ఎత్తున, ముందు చక్రం నుంచి బండి పొడవులో అరవై శాతం వెనక ఉందనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఏడెనిమిది మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరిగేసరికి లోపలి చక్రం నేల వదలడానికి సిద్ధమవుతుంది. ఊళ్లో సందు మలుపు అంతకంటే ఇరుకు. ఏళ్ల తరబడి ఎక్సెల్ నడిపిన మనిషి ఒంట్లో వాలే అలవాటు ఉండిపోతుంది, కొత్త బండికి ఆ అలవాటు అక్కరకు రాదు.

ఇక మనిషి వైపు. వయసుతో కండ తగ్గుతుందని అందరికీ తెలుసు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పరిశోధకుడు దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. కండలో నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే పోగులు, చటుక్కున లాగే పోగులు అని రెండు రకాలున్నాయి, వయసు ముందుగా దెబ్బకొట్టేది రెండో రకాన్ని. అందుకే డెబ్బై ఏళ్ల రైతు గంపెడు బరువు మోయగలడు గానీ, కాలు జారినప్పుడు రెప్పపాటులో రెండో కాలు సర్దుకోలేడు. బలం ఉంటుంది, వేగం ఉండదు. బండి దిగడంలో కావలసింది ఎక్కువగా ఆ వేగమే.

ఒంటికాలి మీద నిలబడటానికి మూడు వార్తలు మెదడుకు చేరాలి: కంటి చూపు, లోపలి చెవిలోని సమతౌల్య యంత్రం ఇచ్చే కబురు, పాదం నుంచీ కీళ్ల నుంచీ వచ్చే స్పర్శ. చాలాకాలంగా షుగరున్నవాళ్లలో మూడోది మొద్దుబారొచ్చు. రెండు రకాల అద్దాల కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కిందికి చూస్తే దగ్గరి చూపు అద్దంలోంచి నేల మసకగా కనిపిస్తుంది, అడుగు ఎంత లోతో అందదు. బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల 1,702 మంది మీద చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడలేనివాళ్లు వాళ్లలో అయిదుగురికొకరు. అది తేలిగ్గా కొట్టిపారేసే సంఖ్య కాదు.

మన ప్రాంతానికి ఇంకొకటి తోడవుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం. ఎక్కువ ఫ్లోరైడున్న నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముకలూ స్నాయువులూ గట్టిపడతాయి, నడుము వంగదు, మెడ తిరగదు, తుంటి విచ్చుకోదు. మోటార్ సైకిల్ మీదుగా కాలు విసరడానికి కావలసింది సరిగ్గా ఈ మూడే. మోకాలి గుజ్జు అరిగినవాళ్లకు నొప్పి అడ్డం, వీళ్లకు కీలే అడ్డం. ఇద్దరికీ ఒకే చిట్కా చెప్పడం అందుకే కుదరదు.

ఎత్తుల సంగతి చూడండి. ఇంట్లో కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. హీరో స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, ఎక్సెల్ 100ది 787, హోండా యాక్టివాది 765 దగ్గర. చూడటానికి అన్నీ ఒకటే. తేడా మధ్యలో ఉంది. మోటార్ సైకిల్‌కు ట్యాంకు, సీటు అడ్డం, కాలు వాటి మీదుగా పోవాలి. స్కూటర్‌కు మధ్యలో ఖాళీ. ఈ ఖాళీ అనుకోకుండా వచ్చింది కాదు. 1946లో ఇటలీలో వెస్పాను రూపొందించిన కొరాదీనో దాస్కానియో హెలికాప్టర్ల ఇంజినీరు, మోటార్ సైకిళ్లంటే అతనికి గిట్టేది కాదు. కాలు విసరనక్కర్లేని బండి కావాలనుకున్నాడు. రెండేళ్లకే, వెస్పాను తయారుచేసిన పియాజియో కంపెనీయే మూడు చక్రాల ఆపే తెచ్చింది, ఈనాటి మన ఆటోకు అది తాత. పంచె కట్టిన పెద్దాయనా, చీర కట్టిన అవ్వా ఈ రోజు స్కూటర్ ఎక్కగలుగుతున్నారంటే దాస్కానియోకు దండం పెట్టాల్సిందే.

అమెరికాలో 2009 నుంచి హార్లే డేవిడ్సన్ ట్రై గ్లైడ్ అనే భారీ మూడు చక్రాల బండి అమ్ముతోంది, కొనేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది. పార్కింగ్ బ్రేకు, వెనక్కి నడిపే ఏర్పాటు కూడా దొరుకుతాయి. ఇటలీలో 2006లో వచ్చిన పియాజియో ఎంపీ3కి ముందు రెండు చక్రాలు, మలుపుల్లో వాలుతుంది, ఆగినప్పుడు ఆ వాలడాన్ని మీట నొక్కి బిగించేయొచ్చు. మనకు అంత హంగు లేదు. ఊరి మెకానిక్, యాక్టివా, రెండు పక్క చక్రాలు, అంతే. అయినా పెద్దవాళ్లు ఎక్కి దిగడం అనే ఒక్క పనికి ఫ్లోర్‌బోర్డున్న ఈ స్కూటరే మేలైనదని నా అభిప్రాయం.

దాని మీదకు ఎక్కే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. మనకు అలవాటైనది ముందు కాలు, తర్వాత ఒళ్లు. మూడు చక్రాల మీద దీన్ని తిరగేయాలి. బండికి ఎడమవైపు, వెనక చక్రపు మడ్‌గార్డుకు ముందు, సీటుకు వీపు పెట్టి నిలబడాలి. రెండు కాళ్లూ నేలమీదే. చేత్తో వెనకనున్న సీటు అంచును తడిమి, పిరుదులు దాని మీద ఆనించి కూర్చోవాలి. బరువు త్రిభుజంలోని వెడల్పు భాగం మీద పడుతుంది కాబట్టి బండి కదలదు. ఆ తర్వాత కుడికాలు లోపలికి తీసి, ఒళ్లు ముందుకు తిప్పి, ఎడమకాలు చేర్చుకోవాలి. మొత్తంలో ఎక్కడా ఒంటికాలి మీద నిలబడలేదు చూడండి. పొట్టివాళ్లకు సీటు పిరుదుల కంటే ఎత్తుగా తగులుతుంది, కదలని పది సెంటీమీటర్ల పీట చాలు. మన పాత ఇళ్ల అరుగు ఇంకా మేలు, ఎత్తు మరీ ఎక్కువ కాకుంటే బండిని దాని పక్కకు తెచ్చి ఆపితే సరి. మడ్‌గార్డు మీద మాత్రం కాలు పెట్టకూడదు. అది మనిషి బరువుకు చేసిన రేకు కాదు.

దిగడం దీనికి వెనక్కి. కూర్చున్నచోటే పాదాలు నేలకు దించి, సీటు అంచుకు జరిగి, ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగి లేవాలి. అప్పుడు బరువుకేంద్రం పాదాల మీదికి వస్తుంది. నిటారుగా లేవబోతే వెనక్కి కూలబడతారు. నడుము వంగనివాళ్లకు చేతి ఆసరా తప్పనిసరి. కూర్చుని లేవడం మీద 2002లో ఫిజికల్ థెరపీ అనే పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఆసనం ఎత్తు పెంచితే మోకాలి మీది భారం 60 శాతం దాకా తగ్గుతుంది, చేతులతో ఆనుకుంటే తుంటి మీది భారం దాదాపు సగం తగ్గుతుంది. స్కూటర్ సీటు ఎత్తు ఎక్కేవేళ శత్రువు, దిగేవేళ మిత్రుడు. ఒక కాలు నొప్పి అయితే ఫిజియోథెరపీవాళ్లు చెప్పే సూత్రం: మెట్టు ఎక్కేటప్పుడు గట్టి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆటో ఎక్కేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. కింది నుంచి ఒంటి బరువును పైకి ఎత్తాల్సినదీ, పైనుంచి మెల్లగా దించాల్సినదీ గట్టికాలే.

బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు వాడేవాళ్లలో కొందరికి లేవగానే రక్తపోటు పడిపోతుంది. లేచిన మూడు నిమిషాల లోపు పై అంకె 20 పాయింట్లు తగ్గితే డాక్టర్లు దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. ఎండలో బండి నడిపి వచ్చి చటుక్కున దిగితే కళ్లు తిరగడం అందుకే. ఆగాక దిగకుండా పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడిస్తే పిక్క కండ రక్తాన్ని పైకి నెడుతుంది.

ఆపే చోటు కూడా ముఖ్యం. నీళ్లు పోవడానికి రోడ్డు నడిమధ్య ఉబ్బుగా, అంచులు వాలుగా ఉంటాయి. పక్క చక్రాల బండి ఆ వాలుతోపాటే ఎడమకు ఒరుగుతుంది, దిగేవాళ్లు కూడా ఆ వాలువైపుకే దిగుతారు, కాళ్లకు నేల ఇంకొంచెం దూరమవుతుంది. తారు అంచు మీద సగం, మట్టి మీద సగం ఆపడం అన్నిటికంటే చెడ్డది.

ఇక కాగితాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగులకు నియోజకవర్గానికి 10 చొప్పున 1,750 పక్క చక్రాల స్కూటర్లు ఉచితంగా ఇచ్చే పథకంలో వయోపరిమితి 18 నుంచి 45. చదువుకునే, పనికిపోయే వయసువాళ్లకు ముందు ఇవ్వాలన్నది న్యాయమే గానీ, పెద్దవాళ్లకు దారి సొంత ఖర్చే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మారిస్తే ఆ సంగతి రిజిస్ట్రేషన్‌లో ఎక్కించాలి. వైకల్యమున్నవారి కోసం మార్చిన బండ్లకు 2019 సవరణ విడిగా నిర్వచనం కూడా ఇచ్చింది. ఆర్‌సీలో ఎక్కకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడొచ్చు. అదే సవరణతో 55 దాటినవాళ్లకు సొంత బండి లైసెన్సు అయిదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాల్సి ఉంటుంది, డాక్టరు సర్టిఫికెట్‌తో. ఆ డాక్టరు కళ్లూ చెవులూ చూస్తాడు. బండి ఎలా ఎక్కి దిగుతున్నారో ఆయన చూడడు, అది ఇంట్లోవాళ్లే అరుగు మీద కూర్చుని ఒకసారి చూడాలి.