పరమాణుభార తారతమ్యము

"పరమాణుభారము" అను పదమును షష్ఠీతత్పురుషముగా విగ్రహించి, పరమాణువుయొక్క బరువని చెప్పి విడుచుట పాఠశాలలలోఁ దఱచు. విగ్రహము నిర్దుష్టమే, అర్థము మాత్రము అసంపూర్ణము. తండ్రి, కొడుకు అను సంబంధిశబ్దములు మఱియొకని నపేక్షించునట్లు, ఈ శబ్దము సయితము "దేనితోఁ బోల్చి?" యను నాకాంక్షను గలిగించును. పట్టికలలోని సంఖ్యకుఁ దులములు, గ్రాములు అను మానములు లేవు, అది నిష్పత్తి. ఉదజని 1.008, ఆమ్లజని 15.999 అనఁగా, రెండవదాని పరమాణువు మొదటిదానికి ఇంచుమించు 16 రెట్లు బరువని భావము.

వైశేషికులు గురుత్వమును పృథివీజలముల గుణముగాఁ జెప్పిరి. పరమాణువుల బరువులను సంఖ్యలతోఁ బోల్చు పని వారు తలపెట్టలేదు. 1803లో ఆంగ్లశాస్త్రజ్ఞుఁడు డాల్టను ఉదజనిని 1గాఁ గొని తొలి పట్టికను గూర్చెను. పిదప ఆమ్లజనిని 16గాఁ గొనిరి. 1961 నుండి కర్బనములోని యొక భేదమును 12గాఁ గొనుచున్నారు. ప్రకృతిలో దానితోఁ గొంచెము బరువైన వేఱొక భేదము స్వల్పముగాఁ గలసియుండుటచేఁ బట్టికలోఁ గర్బనము 12.011గాఁ గనఁబడును.

ఇఁక బాపట్ల సీమలోని చినగంజాము ఉప్పుమళ్లను జూతము. ఉప్పునందు సోడియము, క్లోరిను పరమాణువులు ఒక్కింటి కొక్కటిగా నున్నవి. లెక్కకు సమానమే, తూకమునకు సోడియము 22.99, క్లోరిను 35.45. కావున శుద్ధమైన ఉప్పు 100 కిలోలలో దాదాపు 61 కిలోలు క్లోరినే. సంఖ్యాసామ్యము భారసామ్యము కాదు.

తెనాలి, రేపల్లె ప్రాంతముల వరిపొలములలో నీ విషయము మఱింత ప్రయోజనకారి. యూరియాయందును, అమ్మోనియము సల్ఫేటునందును ఒక్కొక్క యణువునకు నత్రజని పరమాణువులు రెండేసి యున్నవి. భిన్నములను విడిచిన వాని భారము 28. యూరియాలోఁ దక్కినవి కర్బనము 12, ఆమ్లజని 16, ఉదజనులు నాలుగింటికి 4, మొత్తము 60. రెండవదానిలో గంధకము 32, ఆమ్లజనులు నాలుగింటికి 64, ఉదజనులు ఎనిమిదింటికి 8, మొత్తము 132. అనఁగా 60 కిలోల యూరియా యిచ్చు నత్రజనిని బొందుటకు 132 కిలోల అమ్మోనియము సల్ఫేటు వలయును. గంధకమును బైరునకు ఆహారమే. కాని బస్తాధరలను మాత్రమే పోల్చు రైతు నత్రజని విషయమున మోసపోవును. ఈ గణితము 1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులకే కాదు, ఊరిబడి బాలురకును సుకరము.

మఱియొక భ్రమ కలదు. పరమాణుభారము హెచ్చైనంతమాత్రమున ముద్ద బరువు హెచ్చని తలంపరాదు. పాదరసము 200.59, బంగారము 196.97, అయినను బంగారపుముక్క పాదరసమున మునుఁగును. ఏలయన, ముద్ద బరువు పరమాణువుల బరువుతోపాటు వాని కూర్పు దట్టమునుబట్టియు నుండును. ఘన సెంటీమీటరు బంగారము 19.3 గ్రాములు, పాదరసము 13.5 గ్రాములే.

కావున నీ శబ్దమును బోధించు పండితులు విగ్రహవాక్యముతో నాపక, దేనితోఁ బోల్చిన భారము, ఎన్ని పరమాణువుల భారము అను రెండు ప్రశ్నలను విద్యార్థులచే నడిగింపవలయును. అంతట సంఖ్యలు కంఠపాఠములు గాక, ఉప్పునకును ఎరువునకును ఉపకరించు జ్ఞానమగును.