పది డిగ్రీలు

2021 జనవరి. లూకన్‌లో పొద్దున్న ఏడున్నర, ఇంకా తెల్లారలేదు. బయట రెండు డిగ్రీలు. స్వెటర్ మీద జాకెట్ వేసుకుని, ఇంటి ముందు ఆపిన కారులో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తాళం తిప్పాను. ఇంజన్ రెండుసార్లు దగ్గి, అందుకుని, మూడు సెకన్లు తిరిగి ఆగిపోయింది. అంతే, ఆ రోజుకి నా పరీక్ష అయిపోయింది. మళ్లీ రేపు పొద్దున్నే.

చల్లటి ఇంజన్‌తో వచ్చిన చిక్కు ఇదే. ఒకసారి అంటుకుంటే ఇక అది చల్లటి ఇంజన్ కాదు. మూడు సెకన్లకే ఆగిపోయినా, లోపల గోడలకి పెట్రోలు అంటుకునే ఉంటుంది కాబట్టి రెండో ప్రయత్నంలో వచ్చే కొలత అబద్ధం చెబుతుంది. రాత్రంతా ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆఫీసు పనిలో రోజుకి ఇరవైసార్లు కోడ్ నడిపి, తప్పయితే వెనక్కి తిప్పే అలవాటున్న నాకు, రోజుకి ఒక్క ప్రయత్నమంటే ఉపవాసంలా ఉండేది. అయినా అప్పుడు చెయ్యడానికి వేరే పనేముంది? లాక్‌డౌన్. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. లిఫ్ఫీ నది పక్కన నడక, జూమ్ మీటింగులు, ఈ కారు.

కారు గురించి చెప్పాలి. 1992 నాటి మాజ్డా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అని అమ్మేవాళ్లు. రెండే సీట్లు, 1600 సీసీ. ఐర్లాండ్‌లోనూ స్టీరింగ్ కుడివైపే గనక జపాన్ పాత కార్లు ఇక్కడికి ఓడల్లో చాలా వచ్చాయి. ఇక్కడి కుర్రాళ్లకి టొయోటా కరోలా ట్విన్‌క్యామ్ అంటే మన దగ్గర యెజ్డీ అంటే ఉండే లాంటి భక్తి. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడినవాణ్ణి. చదివినదానికి ఒక్కసారైనా చేతులు మసి చేసుకోవాలని ముప్పై దాటాక కొన్న కారు ఇది. అందులో కంపెనీ పెట్టిన ఈసీయూని, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌ని, తీసి పక్కన పెట్టి నేను సొంతంగా సోల్డరింగ్ చేసుకున్న మెగాస్క్విర్ట్ పెట్టాను. 2000ల మొదట్లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు, ఎవరి ఈసీయూ వాళ్లు కట్టుకుని నేర్చుకోవాలని తయారుచేసిన పెట్టె అది. డబ్బుంటే న్యూజీలాండ్ వాళ్ల లింక్ ఉంది, ఆస్ట్రేలియా వాళ్ల హాల్‌టెక్, మోటెక్ ఉన్నాయి. నా దగ్గర డబ్బు కంటే సాయంత్రాలు ఎక్కువ ఉండేవి.

ఈసీయూ చేసే పని చెప్పుకుంటే రెండే మాటలు. ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పు.

మొదటిది ఇంటర్మీడియట్ ఫిజిక్సే. నా ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 400 సీసీ. అది నిండా గాలి పీల్చుకుంటే ఆ గాలి బరువు దాదాపు అర గ్రాము. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకి 14.7 రెట్ల గాలి కావాలి. లెక్క కడితే ఒక్కో పేలుడుకి 32 మిల్లీగ్రాముల పెట్రోలు. ఉప్పు చిటికెడు కూడా కాదు. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇలాంటి పేలుళ్లు సెకనుకి 200. కానీ సిలిండర్ ఎప్పుడూ నిండా పీల్చుకోదు. ఏ వేగంలో, ఎంత ఒత్తిడిలో, ఎన్నో వంతు నిండుతుందో చెప్పే పట్టిక ఒకటి మనం నింపాలి. అడ్డంగా పదహారు గళ్లు, నిలువుగా పదహారు. 256 గళ్లలో 256 అంకెలు. ఇదే ట్యూనర్లు మ్యాప్ అని పిలిచేది. మొదటిసారి చూసినప్పుడు ఎక్సెల్ షీటే కదా అనుకున్నాను. అక్కడే మొదటి తప్పు చేశాను.

ఎందుకంటే ఈ పెట్రోలు పట్టిక మనల్ని గారాబం చేస్తుంది. సైలెన్సర్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఒకటి బిగిస్తే, కాలగా మిగిలిన పొగని బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో అది అంకెల్లో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంకె చూసి మన పట్టికని తనే దిద్దేస్తుంది. మామూలుగా నడుపుతూ వెళితే చాలు, ఒక్కో గడీ తనంతట తను సర్దుకుంటుంది. తెర మీద ఆ రంగులు మారుతుంటే ఎంత బాగుంటుందో చెప్పలేను. పూర్తి బలం కావాల్సిన చోట 14.7 కాదు, పదమూడు కంటే కాస్త తక్కువకి దింపి పెట్రోలు ఎక్కువ పోయాలి. అదీ ఒక అంకె మార్చడమే.

రెండోది, నిప్పు, అలా కాదు. స్పార్క్ కొట్టగానే సిలిండర్ అంతా ఒక్కసారి భగ్గుమనదు. మంట ప్లగ్గు దగ్గర్నుంచి పాకాలి, దానికి సమయం పడుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి రాకముందే, ఇన్ని డిగ్రీల ముందని లెక్కవేసి, స్పార్క్ కొట్టాలి. ఆలస్యమైతే బలం పోతుంది. మరీ ముందయితే, మంట ఇంకా చేరని మూలనున్న మిశ్రమం ఒత్తిడికి తనే పేలుతుంది. అదే నాకింగ్. సుత్తితో పిస్టన్ నెత్తిన కొట్టినట్టు.

ఒక పిట్టకథ. 1903 జూలై 2న గోర్డన్ బెనెట్ కప్ అనే కార్ల పందెం మా ఇంటికి కొంత దూరంలోనే, కిల్డేర్ చుట్టుపక్కల రోడ్ల మీద జరిగింది. మెర్సిడెస్ నడిపిన బెల్జియం మనిషి కమీల్ జెనాట్జీ గెలిచాడు. ఆ కాలపు కార్లలో స్పార్క్ ముందుకీ వెనక్కీ జరపడానికి డ్రైవర్ చేతికి అందేలా ఒక మీట ఉండేది. అంటే డ్రైవరే ఈసీయూ. చెవితో విని, చేత్తో జరపడమే. నూట ఇరవై ఏళ్ల తర్వాత నా దగ్గర మీట పోయి పట్టిక వచ్చింది. చెవి అవసరం పోలేదని తెలుసుకోవడానికి నాకు ఒక ఇంజన్ ఖర్చయింది.

పెట్రోలుకి ఉన్నట్టు స్పార్క్‌కి నిజం చెప్పే చవక సెన్సర్ లేదు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే పరికరాలు ఉన్నాయి గానీ అవి నాలాంటివాళ్ల కోసం కాదు. నాకింగ్ పసిగట్టే సెన్సర్ కొత్త కార్లలో ఉంటుంది. నా 1992 ఇంజన్‌లో అదీ లేదు. తెర మీద కనిపించే డిగ్రీలు ఈసీయూ నమ్మకం మాత్రమే. క్రాంక్ ఎక్కడుందో దానికి ఒక సెన్సర్ చెబుతుంది. ఆ సెన్సర్ వంకరగా బిగిస్తే, ఈసీయూ నిండు విశ్వాసంతో తప్పు చోట నిప్పు పెడుతుంది.

ఆ సెన్సర్ ఈ కారులో ఇంజన్ వెనక, క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది. దాని రబ్బరు రింగు ముసలిదై ఆయిల్ కారడం ఈ కారుకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఫిబ్రవరిలో విప్పి మార్చాను. విప్పే ముందు తెలివిగా మా ఆవిడ గోళ్ల రంగుతో గుర్తు పెట్టాను. తర్వాత జిడ్డు పోవాలని బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రంగా తుడిచాను. జిడ్డుతో పాటు గుర్తూ పోయింది. కంటి అంచనాతో బిగించేశాను. తెర మీద ఐడిల్ దగ్గర పది డిగ్రీలని చూపిస్తోంది, కంపెనీ పుస్తకంలో ఉన్నదీ పదే. సరిపోయిందనుకున్నాను. ఇంజన్ మాత్రం 1100 కిందికి దిగనంది. గాలి స్క్రూ కాస్త బిగించి దాని నోరు మూయించాను. అది నాతో ఏదో చెబుతోందని తట్టలేదు.

క్యాలిబ్రేషన్ అనే మాట నాకు కాలేజీలో పరిచయమైంది కాదు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. బోర్డు మీద ‘పంపు, నాజిల్ క్యాలిబ్రేషన్’ అని ఉండేది, చదవడం నేర్చుకున్న కొత్తలో కూడబలుక్కుని చదివిన మాట అది. లారీ ఇంజన్ నుంచి విప్పిన పంపుని బెంచీ మీద బిగించి మోటారుతో తిప్పితే, ఆరు గొట్టాల నుంచి డీజిల్ గీతలున్న ఆరు గాజు గొట్టాల్లోకి దిగేది. ఆరింట్లో మట్టం సమానంగా వచ్చేదాకా నాన్న ఒక్కొక్కటీ సర్దుతూ కూర్చునేవాడు. లారీ ఓనర్లు వచ్చి “పంపు కొంచెం పెంచు, పికప్ రావాలి” అనేవాళ్లు. ఈ రోజుల్లో రీమ్యాప్ అని వేలు పోసి చేయించుకునేదీ అదే కదా. నాన్న కొందరికి పెంచేవాడు, కొందరికి పెంచేవాడు కాదు. ఎవరికి ఎందుకో ఆయన ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. పెంచిన ప్రతిసారీ బండి బయటికి తీయించి, లోడు మీద పొగ చూసి గానీ పంపేవాడు కాదు.

ఏప్రిల్‌లో ఐదు కిలోమీటర్ల నిబంధన ఎత్తేశారు. నేను మ్యాప్‌తో రోడ్డెక్కాను. కారు నిజంగా బాగా లాగింది, ముఖ్యంగా కింది ఆర్‌పీఎంలో. మురిసిపోయి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయనకేమీ వినపడలేదు. ఇంజన్ మోతని ఫోను చప్పుడు కింద లెక్కగట్టి వడకట్టేస్తోంది. అందుకని వీడియో తీసి పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

“ఏరా, నాలుగో గేర్లో నొక్కినప్పుడు గలగలమంటోందేంట్రా?”

“అది ఎగ్జాస్ట్ దగ్గర రేకు నాన్నా, వదులుగా ఉంది.”

“రేకు అయితే గేరు మార్చాక కూడా మోగాలిగా. టైమింగ్ లైట్ పెట్టి చూశావా?”

“లాప్‌టాప్‌లో పది చూపిస్తోంది నాన్నా. అన్నీ లాగ్ అవుతాయి.”

“సరేలే,” అన్నాడు. ఆయన సరేలే అంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు చిన్నప్పట్నించీ తెలుసు.

మూడు వారాల తర్వాత రోలింగ్ రోడ్‌కి తీసుకెళ్లాను. చక్రాలని రోలర్ల మీద పెట్టి, కారు కదలకుండా లోడు ఇచ్చి బలం కొలిచే చోటు. అక్కడి ట్యూనర్ నా మ్యాప్ వైపు కన్నెత్తి చూడలేదు. బానెట్ ఎత్తి, స్పార్క్‌ని పది డిగ్రీల దగ్గర కదలకుండా నిలపమని నాతో చెప్పి, టైమింగ్ లైట్ తీశాడు. మొదటి ప్లగ్గు వెలిగినప్పుడల్లా ఆ లైట్ మెరుస్తుంది, ఆ మెరుపులో తిరుగుతున్న పుల్లీ మీది గాటు ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. లైట్ వెనక డయల్ ఉంటుంది. దాన్ని పద్దెనిమిదికి తిప్పితే గానీ గాటు సున్నా గుర్తు దగ్గరికి రాలేదు. నా తెర పది అంటోంది, ఇంజన్ పద్దెనిమిది అంటోంది. క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. అక్కడ కంటి అంచనాలో నాలుగు డిగ్రీలు తప్పితే ఇక్కడ ఎనిమిది. పూర్తి యాక్సిలరేటర్ మీద నేను 28 అని రాసుకున్న ప్రతి గడిలోనూ నిజంగా కొట్టింది 36.

ఆయన ఏమీ అనలేదు. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ చూశాడు. మూడు సిలిండర్లు పన్నెండు బార్‌కి అటూ ఇటూ. మూడోది ఆరు. “ఈ రోజు దీన్ని రోలర్ల మీద నడపను” అని, లైట్ పట్టుకున్న పదినిమిషాలకి మాత్రమే డబ్బు తీసుకున్నాడు.

హెడ్ విప్పాక చూస్తే మూడో పిస్టన్ అంచు ఇసుక కొట్టినట్టు గుంటలు గుంటలుగా ఉంది, రింగుల మధ్య గట్టు విరిగింది. మా ఆవిడ ఆ పిస్టన్ని చేతిలో తిప్పి చూసి, “ఇది కూడా వెనక్కి తిప్పలేవా?” అంది. వెటకారమేమో అనుకున్నాను, కాదు, నిజంగానే అడిగింది. నా పనిలో ఏ తప్పుకైనా వెనక్కి తిప్పే దారి ఉంటుందని ఇన్నాళ్లూ నేనే చెప్పానుగా.

నాన్నకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. “ఒక్కటేనా పోయింది? బోరు గీసుకుందా?” అని అడిగాడు. లైట్ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

పాత ఇంజన్ ఇంకొకటి కొని వేసవంతా మార్చాను. ఈసారి మొదట కొన్నది టైమింగ్ లైట్. తర్వాత ఇంజన్ దిమ్మకి రాగి గొట్టం బిగించి, దాని రెండో కొస చెవి దాకా తెచ్చుకున్నాను. ట్యూనర్లు చాలాకాలంగా వాడే పద్ధతి ఇది. 78 మిల్లీమీటర్ల సిలిండర్‌లో నాకింగ్ ఏడు వేల హెర్ట్జ్ పైచిలుకు మోగుతుంది. గొట్టంలో వింటే పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టుంటుంది, రేకుతో పొరబడే అవకాశమే లేదు. మళ్లీ రోలర్ల మీద స్పార్క్‌ని తక్కువ నుంచి మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచాం. బలం పెరిగి పెరిగి ఒకచోట ఆగింది. ఇంకో రెండు డిగ్రీలు పెంచినా అంకె కదల్లేదు. ట్యూనర్ అక్కణ్నించి రెండు వెనక్కి జరిపి వదిలేశాడు. అంతకు ముందు నేను పేరాశతో ఎక్కడో వెతుకుతున్న బలం అసలు అక్కడ లేనే లేదు. కొత్త మ్యాప్‌లో పూర్తి లోడు గళ్లన్నీ నా పాత పట్టిక కంటే తక్కువే. కారు మాత్రం అంతకంటే ఎక్కువ లాగుతోంది.

ఆ ఏడాది అక్టోబరులో మోండెల్లో పార్క్‌కి వెళ్లాను. 1968లో మొదలైన ట్రాక్ అది, ఇంటినుంచి ముప్పావుగంట దూరం. పందెం కాదు, ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజు. వర్షంలో అందరికంటే వెనక తిరిగాను. ఇంటికొచ్చి, ఇంజన్ చల్లారాక నాలుగు ప్లగ్గులు విప్పి వరసగా పేపర్ మీద పెట్టి ఫోటో తీసి నాన్నకి పంపాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, వాయిస్ మెసేజ్.

“మూడూ బిస్కెట్ రంగులో ఉన్నాయి, బాగున్నాయి. రెండోది నల్లగా ఉందిరా. దాని నాజిల్ చూసుకో.”

మర్నాడు విప్పి చూశాను. రెండో ఇంజెక్టర్ కారుతోంది.