చెప్పక చేసిన చికిత్స



మీలో పెద్దలు పలువురు ఎడ్లసంత నెరుగుదురు. అచ్చట కొనువాడు ఎద్దు పండ్లు చూచును, గిట్టలు చూచును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువాడు దాచిన లోపమును కొనువాడు కనిపెట్టగలడు. కాని నేడు ఇంటింట వెలసియున్న సెల్‌ఫోనునకు పండ్లు లేవు, గిట్టలు లేవు. దాని లోపల నేమి జరుగుచున్నదో చేసినవానికి దక్క ఇతరులకు తెలియుట కష్టము. ఇట్టి వస్తువు విషయమున చేసినవాని ధర్మమేది? కొన్నవాని హక్కేది? అమెరికాలోని ఆపిల్ కంపెనీవారి ఐఫోనులనుగూర్చి 2017లో పుట్టిన తగవు ఈ ప్రశ్నకు తగిన నిదర్శనము. దానిని నేడు మీకు మనవి చేసెదను.

మొదట బ్యాటరీ సంగతి తెలిసికొనవలెను. సెల్‌ఫోనులో నుండునది లిథియము బ్యాటరీ. విద్యుత్తు నెక్కించునపుడు లిథియము కణములు ఒక పలకనుండి వేరొక పలకకు పోవును. వాడునపుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలు సాగినకొలది బ్యాటరీ బలము తగ్గును. ఆనాటి ఐఫోను బ్యాటరీ 500 మారులు పూర్తిగా నింపి వాడిన పిమ్మట మొదటి బలములో నూటికి 80 వంతులు నిలుపుకొనునట్లు చేయబడినదని కంపెనీవారే చెప్పిరి. పాతబడిన బ్యాటరీకి వేరొక లోపము గలదు. ఫోను ఒక్కసారిగా అధికమైన విద్యుత్తును కోరినపుడు, అందును చలివేళల, అది ఇయ్యజాలదు. అప్పుడు ఫోను హఠాత్తుగా ఆరిపోవును.

ఐఫోను 6, 6ఎస్ మొదలగువానిలో ఈ చిక్కు కనబడగా ఆపిల్‌వారు 2017 జనవరిలో ఒక క్రొత్త సాఫ్ట్‌వేరును పంపిరి. బ్యాటరీ నీరసించినచో అది ఫోను వేగమును తగ్గించును. ముసలి యెద్దును మెల్లగా తోలినట్లన్నమాట. ఫోను ఆరిపోదు, కాని పనులు మందగించును. చికిత్స మంచిదే. అయితే వేగము తగ్గునను మాట కొన్నవారికి స్పష్టముగా చెప్పబడలేదు.

అదే సంవత్సరము డిసెంబరులో ఒక సామాన్యుడు తన ఐఫోనునకు క్రొత్త బ్యాటరీ వేయించి చూడగా పోయిన వేగము తిరిగివచ్చెను. కెనడాలో జాన్ పూల్ అను నాయన ఐఫోనుల వేగపు లెక్కలను పోల్చి, సాఫ్ట్‌వేరు మారినప్పటినుండి కొన్ని ఫోనులు మందగించినవని చూపెను. అంతట కంపెనీవారు డిసెంబరు 20న సంగతి యొప్పుకొనిరి. 28న క్షమాపణ చెప్పిరి. బ్యాటరీ మార్పు ధరను 79 డాలర్లనుండి 29 డాలర్లకు 2018 సంవత్సరమంతయు తగ్గించిరి. బ్యాటరీ స్థితిని చూచుకొనుటకును, వేగపు తగ్గింపును మాన్పుకొనుటకును వీలుగా 2018 మార్చిలో వేరొక సాఫ్ట్‌వేరు నిచ్చిరి.

దీనిపై కొన్నవారి యభిప్రాయములు మూడు విధములు. క్రొత్త ఫోనులు అమ్ముకొనుటకే పాతవానిని కుంటుపరచిరని కొందరు కోపించిరి. అత్యవసరమున ఫోను ఆరిపోవుటకంటె మెల్లగా నడచుటయే మేలని కొందరు సమర్థించిరి. చేసినది సరియే కావచ్చును గాని, మమ్మడుగవలసియుండెనని మూడవవారనిరి. కంపెనీవారు మొదటి యారోపణను ఖండించిరి. వారి మనస్సులోని ఉద్దేశమును మనము తూచజాలము. ఫలితమును మాత్రము తూచవచ్చును. వంద డాలర్లలోపు బ్యాటరీతో తీరు లోపమును ఫోను ముసలితనమని తలచి, వందల డాలర్లు పోసి క్రొత్తది కొన్నవానికి నష్టము కలిగినట్లే గదా! 2019 జనవరిలో ఆ కంపెనీ యధిపతి టిమ్ కుక్ మదుపుదారులకు వ్రాసిన లేఖలో, క్రొత్త ఐఫోనులు తలచినంతగా అమ్ముడుపోకుండుటకు గల కారణములలో బ్యాటరీ ధర తగ్గింపును గూడ పేర్కొనెను. మూడవవారి మాటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

పిదప ప్రభుత్వములును న్యాయస్థానములును కలుగజేసికొనెను. 2018లో ఇటలీ ఆపిల్‌వారికి 1 కోటి యూరోలు, ఇట్టి సాఫ్ట్‌వేరు తగవుననే సామ్‌సంగ్‌వారికి 50 లక్షల యూరోలు జరిమానా విధించెను. 2020లో ఫ్రాన్సు ఆపిల్‌వారికి విధించినది 2 కోట్ల 50 లక్షల యూరోలు. కొన్నవారికి తెలుపకుండుటయే అచ్చట నేరము. అదే యేట అమెరికాలో వినియోగదారుల దావా గరిష్ఠముగా 50 కోట్ల డాలర్లకును, రాష్ట్రముల దావా 11 కోట్ల 30 లక్షల డాలర్లకును రాజీపడెను. ఆ రాజీలలో కంపెనీవారు తప్పు ఒప్పుకొనలేదు.

నాకును చిన్న యనుభవ మొకటి కలదు. నా ఫోను తరచు ఆరిపోవుచుండగా దుకాణమువారు క్రొత్తది కొనుమనిరి. నేను డబ్బు సిద్ధపరచుకొంటిని. నా మనుమడు, "తాతగారూ, బండికి కీలు విరిగిన కీలు మార్తురు గాని బండి నమ్ముదురా?" అని, బ్యాటరీ మార్పించి తెచ్చెను. ఆ ఫోనుతోనే నేటికిని నా పని సాగుచున్నది. దుకాణమువా రాడినది అబద్ధమని నేననను, సగము నిజము. అడుగనిదే రెండవ సగము వినబడలేదు.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20నుండి అమలులోనికి వచ్చినది. సరకు గుణము, ప్రమాణము, ధర తెలిసికొనుట మన హక్కని అది చెప్పుచున్నది. మోసము జరిగినదని తోచినచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అందును తీరనిచో రెండేండ్లలోపల జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. 5 లక్షల రూపాయలవరకు చెల్లించి కొన్న సరకునకు రుసుము లేదు. అందులకు రసీదు ముఖ్యము. కావున రసీదును భూమి పట్టాతోపాటు పెట్టెలో దాచుడు. క్రొత్తది కొనుటకు ముందు, "పాతదానికి రోగమేమి? బ్యాటరీ మార్చిన తీరునా?" అని యడుగుడు.

వైద్యుడు మందిచ్చునపుడు రోగికి పేరు చెప్పి యిచ్చుట మర్యాద. వస్తువు చేసినవానికిని అదియే ధర్మము. అడుగుట మన ధర్మము. సెలవు.