కోసిన ముక్కే మూత

విడిభాగాలు తెచ్చుకుని ఇంటి షెడ్డులోనే విమానం కట్టుకునే పద్ధతి అమెరికాలో బాగా ఉంది. 1970లలో బర్ట్ రూటన్ రూపొందించిన వేరీఈజీ, లాంగ్-ఈజీ విమానాలు ఈ పనిలో ఫైబర్‌గ్లాస్ వాడకాన్ని పెంచాయి. ఫోమ్‌ను రెక్క ఆకారంలో కోసి, దానిపై గాజు బట్టను ఎపాక్సీతో అంటిస్తే చాలు, అచ్చుల అవసరం ఉండదు. అయితే అన్నీ అతికించి మూసేశాక లోపలి కీళ్లు, బ్రేకు గొట్టాలు, వైర్లు చేతికి అందవు. వాటిని చూసుకోవడానికే తనిఖీ రంధ్రాలు.

ఇలాంటి విమానంలో బరువు మోసేది చాలావరకు పైపొరే. లాగుడుకు గురైన రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచు దగ్గర ఒత్తిడి సుమారు మూడు రెట్లవుతుంది. పదునైన మూలలుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే రంధ్రం గుండ్రంగానో, మూలలు వంపు తిరిగేలానో ఉండాలి. రెక్క దూలం మీద అసలు కోయకూడదు.

కోయడానికి ముందే సగం పని జరగాలి. కోయాల్సిన గీత గీసి, ఆ చోట ప్యాకింగ్ టేపు అంటించి, దానిపై గీతకు రెండు వైపులా వచ్చేలా నాలుగైదు పొరల గాజు బట్టతో ఒక వలయం వేస్తారు. విమానం ఒంటి వంపే దానికీ వస్తుంది. గట్టిపడ్డాక వలయాన్నీ పైపొరనూ కలిపి స్క్రూ రంధ్రాలు వేసి, వలయాన్ని ఊడదీస్తారు.

తర్వాత వజ్రపు పొడి అద్దిన పలుచని చక్రంతో గీత వెంట నెమ్మదిగా కోస్తారు. కోత సన్నగా ఉంటే ఊడివచ్చిన ముక్కే మూతగా సరిపోతుంది. అది ఎటు తిరిగి ఉండాలో ముందే బాణం గుర్తు పెట్టాలి. గాజు ధూళి ఊపిరితిత్తులకు హాని కనుక మాస్కు తప్పనిసరి.

పైపొర వెనక ఫోమ్ ఉంటే అంచు చుట్టూ సెంటీమీటరు మేర గీకేసి, నూలు పీచు పొడి కలిపిన ఎపాక్సీ ముద్ద నింపుతారు. అలా చేయకపోతే స్క్రూ బిగింపుకు ఫోమ్ నలుగుతుంది, తేమ చేరుతుంది. వలయానికి స్క్రూలను పట్టుకునే నట్‌ప్లేట్లు రివెట్ చేసి, ఒకచోట తెగ్గోసి, మెలితిప్పుతూ లోపలికి దూర్చి, అదే ముద్దతో అతికిస్తారు. మూతకు ఆసరా, అంచుకు బలం రెండూ ఆ వలయమే.

ప్లానులో లేని చోట రంధ్రం కావాల్సివస్తే డిజైనర్‌ను అడగనిదే కోత మొదలుపెట్టకూడదు.