ఆదర్శం ముంగిట్లో.. అభ్యంతరం మీటింగులో

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఎల్మ్‌వుడ్ అనే పేట ఉంది. చెట్ల నీడ పరుచుకున్న వీధులు, వందేళ్ల నాటి చెక్క ఇళ్లు, వాకిట్లో లావెండర్ పొదలు. ఆ పొదల పక్కన అక్కడక్కడా గడ్డిలో గుచ్చిన ఒక నల్ల బోర్డు కనిపిస్తుంది. ఈ ఇంటివాళ్లు దేన్ని నమ్ముతారో అందులో రంగురంగుల అక్షరాల్లో రాసి ఉంటుంది. నల్లజాతివాళ్ల ప్రాణాల గురించి ఒక వరుస, వలస వచ్చినవాళ్ల గురించి ఒకటి, ఆడవాళ్ల హక్కుల గురించి ఇంకొకటి, సైన్సు గురించి మరొకటి. 2016 నవంబరులో ట్రంప్ గెలిచిన కొత్తలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ఒక లైబ్రేరియన్ చేత్తో రాసి ఇంటిముందు పెట్టుకున్న మాటలవి. చూస్తుండగానే అచ్చయి దేశమంతా పాకాయి. ఇరవై డాలర్లు పెడితే మీకూ ఒకటి వస్తుంది.

బోర్డు వెనకున్న ఇల్లు పది లక్షల డాలర్లు పెట్టినా వస్తుందన్న నమ్మకం లేదు. ఎందుకంత ఖరీదు అంటే 1916 దాకా వెనక్కి వెళ్లాలి. ఒక స్థలంలో ఒక్క కుటుంబానికే ఇల్లు, అపార్ట్‌మెంట్లు కట్టకూడదు అనే జోనింగ్ నిబంధన అమెరికాలో మొదట పుట్టింది ఈ ఎల్మ్‌వుడ్‌లోనే. నల్లవాళ్లనూ ఆసియావాళ్లనూ దగ్గరికి రానివ్వకుండా చూడటం కూడా ఆ నిబంధన చేసిన పనుల్లో ఒకటని 2021లో బర్క్‌లీ నగర మండలే ఒప్పుకుని, దాన్ని ఎత్తేస్తామని తీర్మానించింది. నూటఐదేళ్ల పాటు చట్టం ఒకవైపు, ఆదర్శం ఒకవైపు హాయిగా కాపురం చేశాయన్నమాట.

డాబు అంటే మనకు తెలిసిన లెక్క వేరు. మెడలో కాసుల పేరు, పెళ్లిలో డ్రోన్ కెమెరాలు, కోకాపేటలో విల్లా. దీనికి థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే సిద్ధాంతం రాసిపెట్టాడు: నలుగురూ చూడాలని చేసే ఖర్చుకే సంఘంలో విలువ. అయితే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల డబ్బు అందరి దగ్గరా ఉంది కాబట్టి దాన్ని చూపిస్తే మోటుగా ఉంటుంది. అక్కడ చూపించాల్సింది స్పృహ. పర్యావరణ స్పృహ, సామాజిక స్పృహ, చివరికి రొట్టె స్పృహ కూడా. డివిజాడెరో స్ట్రీట్‌లో ఒక బేకరీ 2013 ప్రాంతంలో నాలుగు డాలర్లకు ఒక్క టోస్ట్ ముక్క అమ్మి దేశమంతా చర్చకెక్కింది. బంగారు పళ్లెంలో పెట్టి అమ్మితే ఎవరూ కొనేవారు కాదేమో.

స్పృహను కొలిచే పరికరంగా ప్రయస్ కారు కథ ఇప్పటికీ సాటిలేనిది. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే ఈ హైబ్రిడ్‌ను టొయోటా అమెరికాలో 2000లో దించింది. మూడేళ్లకు వచ్చిన రెండో మోడల్, గూని వీపు ఆకారంతో, అర ఫర్లాంగు దూరం నుంచే గుర్తుపట్టేలా ఉండేది. 2007లో ఒక సర్వే సంస్థ ఆ కారు ఎందుకు కొన్నారని అడిగితే, నేనెలాంటి మనిషినో ఇది చెబుతుంది అన్నదే ప్రధాన కారణమని 57 శాతం మంది జవాబిచ్చారు. పెట్రోలు ఆదా కోసమన్నవాళ్లు 36 శాతమే. హోండా సివిక్‌లోనూ హైబ్రిడ్ ఉండేది, పెట్రోలూ ఆదా అయ్యేది. పాపం, అది మామూలు సివిక్ లాగే కనిపించేది. వెనక అంటించిన చిన్న అక్షరాలు చదివితే తప్ప యజమాని పుణ్యం పక్కింటివాడికి తెలిసే దారి లేదు. కవలలైన ఆలిసన్, స్టీవ్ సెక్స్‌టన్ అనే ఆర్థికవేత్తలు కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల లెక్కలు తీశారు. పచ్చదనం మీద మోజున్న పేటల్లో కేవలం ఆ ఆకారం కోసమే జనం వందల నుంచి వేల డాలర్ల దాకా అదనంగా ఇవ్వడానికి సిద్ధపడ్డారని తేల్చారు.

తర్వాత ప్రయస్ స్థానంలోకి టెస్లా వచ్చింది. టెస్లా అధినేత మస్క్ రాజకీయాల్లో దిగి ట్రంప్ వైపు చేరేసరికి అదే కారు తలనొప్పయింది. అమ్మేస్తే నష్టం, ఉంచుకుంటే పరువు తక్కువ. అందుకని ‘ఈయనకు పిచ్చి ముదరక ముందే కొన్నాం’ అనే అర్థమొచ్చే స్టిక్కర్లు పుట్టుకొచ్చాయి. కారు చెప్పాల్సిన మాటను ఇప్పుడు స్టిక్కర్ చెబుతోంది.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. ఎవరి టోస్టు వాళ్ల ఇష్టం. నగర మండలి సమావేశాలకు వెళితే మాత్రం నవ్వు రాదు. 2021 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున, స్టీవెన్‌సన్ స్ట్రీట్‌లో, కార్లు నిలుపుకునే ఖాళీ జాగాలో 495 ఇళ్ల భవనం కడతామని వస్తే సూపర్‌వైజర్లు అనే నగర మండలి సభ్యులు 8-3 ఓట్లతో అడ్డుకున్నారు. పర్యావరణ సమీక్ష సరిపోలేదన్నారు, పేదలు చెదిరిపోతారన్నారు. కూల్చడానికి అక్కడ ఒక్క ఇల్లూ లేదు. బర్క్‌లీలో ఇంకో చిత్రం: యూనివర్సిటీ పీపుల్స్ పార్కులో హాస్టల్ కట్టబోతే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. విద్యార్థులు చేసే గోలనూ పర్యావరణ నివేదికలో లెక్కించాల్సిందేనని 2023లో అప్పీలు కోర్టు అంది. పిల్లల కేకలు కాలుష్యం కాదని చెప్పడానికి ఆ ఏడాదే రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

ఇలాంటి చోట్ల ‘పేదవాళ్లు మా వీధిలోకి రాకూడదు’ అని ఎవరూ అనరు. నీడ పడుతుందంటారు, పార్కింగ్ చాలదంటారు, ఈ పేటకో స్వభావం ఉందంటారు. దీనికి తోడు ప్రొపొజిషన్ 13 ఉండనే ఉంది. 1978లో ఓటర్లే ఆమోదించిన ఈ నిబంధన ప్రకారం, చేతులు మారేదాకా ఇంటి పన్ను విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఎప్పుడో కొన్నవాళ్లు కదలరు, కొత్తగా కొన్నవాళ్లు అలాంటి ఇంటికే ఎన్నో రెట్లు కడతారు. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో జనాభాలో నల్లజాతివాళ్లు 13 శాతం పైచిలుకు. 2020 నాటికి 5 శాతం దగ్గర ఆగారు. వాళ్ల ప్రాణాల విలువ గురించిన బోర్డులు మాత్రం ఆ చివరి సంవత్సరాల్లోనే దండిగా వెలిశాయి.

బోర్డు పెట్టినవాళ్లంతా వేషధారులని నేననను. చాలామంది అందులో ప్రతి అక్షరాన్నీ మనసారా నమ్ముతారు. ఇరవై డాలర్ల నమ్మకానికీ ఇంటి విలువ తగ్గించే నమ్మకానికీ మధ్య ఎంత దూరముందో చూసుకునే అవసరం వాళ్లకు రాలేదంతే. ఆ దూరాన్ని ఎవరో ఒకరు భరించాలి. 2021 జనవరిలో, కొవిడ్ వల్ల బడులు మూతపడి ఉన్నప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో స్కూల్ బోర్డు 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానించింది. లింకన్ పేరూ ఆ జాబితాలో ఉంది. 1779 నాటి పెనాబ్‌స్కాట్ దాడిని ఆ పేరున్న తెగ మీద దండయాత్రగా పొరబడి అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రివీర్ పేరును కూడా కలిపేశారు. ఇంటికి ట్యూటర్‌ను పిలిపించుకోగలిగినవాళ్లకు ఇదో చర్చ. ఒక్క గదిలో ముగ్గురు పిల్లల్ని జూమ్ ముందు కూర్చోబెట్టిన తల్లికి ఒళ్లు మండింది. ఏప్రిల్‌లో తీర్మానం వెనక్కి పోయింది, మరుసటి ఫిబ్రవరిలో ముగ్గురు బోర్డు సభ్యుల పదవులు ఓట్లతో ఊడిపోయాయి.

ఇక అక్కడి మనవాళ్ల సంగతి. సన్నీవేల్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లి, ‘‘ఇంత జీతం వస్తోంది, ఆ కంపెనీ ఊరికే ఇచ్చిన టీషర్టేమిట్రా రోజూ?’’ అని దిగులుపడుతుంది. ఆ టీషర్టు మీదున్న కంపెనీ పేరు అక్కడ కాసుల పేరుతో సమానమని ఆవిడకెవరు చెప్పాలి! స్టీలు నీళ్లసీసా, హైకింగ్ బూట్లు, ‘మేం టీవీ పెట్టుకోలేదండీ’ అనే మాట, కొర్రలతో చేసిన బిర్యానీ. ఆవిడ చిన్నప్పుడు వరి బియ్యం కొనలేనివాళ్లు తిన్న కొర్రలే అవి.

ఈ పాఠాలు మనవాళ్లు చకచకా నేర్చేశారు, అభ్యంతరం చెప్పే పాఠంతో సహా. ఇల్లు కొనేది స్కూల్ రేటింగ్ పదికి ఎంతో చూసుకునే. కుపర్టీనోలో మూతపడిన వాల్కో మాల్ జాగాలో 2,402 ఇళ్లు, అందులో సగం తక్కువ ఆదాయంవాళ్లకు, అని 2018లో ప్రతిపాదన వచ్చినప్పుడు ఊరు రెండుగా చీలింది. స్కూళ్లు కిక్కిరిసిపోతాయి కదండీ అనే మాట ఆ ఊళ్లో ఏ భాషవాళ్ల నోటైనా వినొచ్చు.

అభ్యంతరం ఇళ్ల దగ్గరే ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే నెగ్గిస్తే, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో వీటో చేశాడు. వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం చేసినవాళ్లలో మన దేశస్థులే ఎక్కువ. అమెరికాలో కులమెక్కడుందండీ అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. కులాలవారీ వాట్సాప్ గ్రూపుల్లో ఆ వాదన తెగ తిరిగింది. కార్తీకం వస్తే ఆ గ్రూపుల్లోనే వనభోజనాల పిలుపులూ వస్తాయి, ఎవరివి వాళ్లవి. అలాంటి ఒక పిలుపు కింద గమనిక చూశాను: ప్లాస్టిక్ ప్లేట్లు తేవద్దు, పర్యావరణం మనందరి బాధ్యత.